హెడర్‌లో విలువ ఇవ్వకపోతే లైబ్రరీ నింపాలా, ఖాళీగా వదలాలా?

ప్రశ్న ఏమిటో ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకూ పనికొస్తుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల కాటాలకు సాఫ్ట్‌వేర్ రాసే తమ్ముడు అడిగాడు. ధాన్యం లారీ కాటా ఎక్కి దిగగానే తూకం చీటీ ఒక మెసేజ్‌గా రాబిట్‌ఎంక్యూకి (మెసేజ్‌లను క్యూలో, అంటే వరుసలో, ఉంచి అవతలివాళ్ళకు అందించే బ్రోకర్ ప్రోగ్రామ్) వెళ్తుంది. పంపేవైపు నోడ్‌జేఎస్‌లో (జావాస్క్రిప్ట్) తను రాసిన చిన్న లైబ్రరీ ఉంది, ఏఎంక్యూపీ 1.0 అనే మెసేజ్ ప్రోటోకాల్ మీద నడుస్తుంది. తీసుకునేవైపు మిల్లు ఆఫీసులో జావా ప్రోగ్రామ్. క్యూ క్లాసిక్ రకం, అంటే రాబిట్‌ఎంక్యూలో మామూలు రకం. ఆఫీసు కంప్యూటర్ నడుస్తున్నంతసేపు చీటీలన్నీ వస్తున్నాయి. రాత్రి ఆఫీసు మూసేశాక కాటా ఎక్కిన లారీల చీటీలు తెల్లారి కనపడటం లేదు. ఎర్రర్ ఎక్కడా లేదు. లైబ్రరీలో హెడర్‌కు (మెసేజ్ ముందు వెళ్ళే సూచనల భాగం) మొదటి విలువలు ఇలా పెట్టాడు: డ్యూరబుల్ (డిస్క్ మీద దాచాలా) ఫాల్స్, ప్రయారిటీ (ఏది ముందు వెళ్ళాలి) 4, టీటీఎల్ (మెసేజ్ గడువు, మిల్లీసెకన్లలో) 0, డెలివరీ కౌంట్ 0. లైబ్రరీని వాడేవాళ్ళు ఏమీ ఇవ్వకపోయినా ఇవన్నీ ప్రతి మెసేజ్‌తో వెళ్తున్నాయి. "డిఫాల్ట్ విలువలే కదా అన్నా, పంపినా పంపకపోయినా ఒకటే కదా?" అని అడిగాడు.

ఒకటి కాదు తమ్ముడూ. నీ చీటీలు పోవడానికి కారణం కూడా అదే అని నా గట్టి నమ్మకం.

ముందు టీటీఎల్ చూద్దాం. ఏఎంక్యూపీ 1.0 హెడర్‌లో ఐదు ఫీల్డులు ఉంటాయి. డ్యూరబుల్‌కు డిఫాల్ట్ ఫాల్స్, ప్రయారిటీకి 4, ఫస్ట్ అక్వైరర్‌కు (ఈ మెసేజ్‌ను మొదట తీసుకునేది నువ్వేనా) ఫాల్స్, డెలివరీ కౌంట్‌కు 0. టీటీఎల్‌కు మాత్రం స్పెసిఫికేషన్‌లో (ప్రోటోకాల్ నియమాల పత్రం) డిఫాల్ట్ విలువే లేదు. ఆ ఫీల్డు లేకపోతే మెసేజ్‌కు గడువు లేదని అర్థం. నువ్వు పెట్టిన 0 జేఎంఎస్ (జావాలో మెసేజ్‌లు పంపే ప్రామాణిక పద్ధతి) అలవాటు నుంచి వచ్చినట్టుంది. అక్కడ టైమ్ టు లివ్ 0 అంటే ఎప్పటికీ గడువు తీరదు. రాబిట్‌ఎంక్యూలో టీటీఎల్ 0కి అర్థం పూర్తిగా తిరగబడుతుంది: క్యూలోకి రాగానే తీసుకోవడానికి కన్స్యూమర్ (అవతలి ప్రోగ్రామ్) సిద్ధంగా ఉంటే ఇచ్చేయి, లేకపోతే గడువు తీరినట్టే లెక్క. ఆఫీసు ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు అన్నీ వచ్చి, రాత్రి మాత్రం మాయం కావడం దీనికి సరిగ్గా సరిపోతోంది. ఎర్రర్ రాకపోవడంలో కూడా వింత లేదు. బ్రోకర్ నువ్వు చెప్పినట్టే చేసింది.

నా మాట మీద కాకుండా నువ్వే తేల్చుకో. ఆఫీసు ప్రోగ్రామ్ ఆపేసి కాటా నుంచి ఒక చీటీ పంపు. వెంటనే రాబిట్‌ఎంక్యూ మేనేజ్‌మెంట్ పేజీలో ఆ క్యూ దగ్గర రెడీ అని ఉన్న లెక్క చూడు. చీటీ అక్కడ నిలబడకపోతే టీటీఎల్ సంగతే. నిలబడి, బ్రోకర్‌ను రీస్టార్ట్ చేశాక మాయమైతే అది డ్యూరబుల్ సంగతి. నీ దగ్గర రెండూ ఉండొచ్చు. మొదటిది సరిచేశాక రెండోది బయటపడుతుంది, అప్పుడు "మళ్ళీ అదే సమస్య" అని టెన్షన్ పడకు. అది వేరే సమస్య.

డ్యూరబుల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పంపినా పంపకపోయినా ఒకటే అనే ఆలోచన ఎందుకు నిలబడదో అక్కడే బాగా తెలుస్తుంది. హెడర్ అసలు రాకపోతే తీసుకునేవాళ్ళు డిఫాల్ట్ విలువలను అనుకోవాలని స్పెసిఫికేషన్ చెప్తుంది. ఆ వాక్యానికి ఒక మినహాయింపు కూడా ఉంది: అవతల ఆ మెసేజ్ చేరే చోటికి వేరే డిఫాల్ట్ పెట్టి ఉంటే అది చెల్లుతుంది. అంటే ఏమీ ఇవ్వకపోవడం అంటే "నాకు పట్టింపు లేదు, నీ పద్ధతి ప్రకారం చెయ్యి" అని బ్రోకర్‌కు వదిలేయడం. ఫాల్స్ అని రాసి పంపడం అంటే "డిస్క్ మీద దాచకు" అని ఆర్డర్ వేయడం. నీ లైబ్రరీ ఎవరూ వేయని ఆర్డర్ వేస్తోంది.

రాబిట్‌ఎంక్యూలోనే దీనికి ఉదాహరణ ఉంది. ఏఎంక్యూపీ 1.0 మెసేజ్ హెడర్ లేకుండా వస్తే 4.2కి ముందు వెర్షన్లు దాన్ని డ్యూరబుల్‌గానే లెక్కించేవి. 4.2 నుంచి స్పెసిఫికేషన్‌లో ఉన్నట్టు ఫాల్స్‌గా లెక్కిస్తున్నాయి. మెసేజ్‌లో ఒక్క బైటు మారలేదు, బ్రోకర్ వెర్షన్ మారింది, మెసేజ్ బతికే తీరు మారిపోయింది. అందుకే ఆ బృందం తమ సొంత ఏఎంక్యూపీ 1.0 క్లయింట్ లైబ్రరీల్లో డ్యూరబుల్‌ను ట్రూగా రాసి పంపుతుంది. మిగతా లైబ్రరీలు రాసేవాళ్ళకు కూడా అలాగే చేయమని సలహా ఇస్తుంది.

ఇక్కడ నీకు అనుమానం రావాలి. ఒకవైపు డిఫాల్ట్‌లు నింపొద్దంటున్నాను, మరోవైపు డ్యూరబుల్ ట్రూ అని రాసి పంపమంటున్నాను. ఈ రెండూ రెండు వేర్వేరు పొరల్లో జరగాలి. మెసేజ్‌ను బైట్లుగా మార్చే కింది పొరకు మిల్లు సంగతి తెలియకూడదు. ఇచ్చింది ఇచ్చినట్టు రాయాలి, ఇవ్వనిది రాయకూడదు. దాని మీద ఇంకో పొర ఉండాలి, దానికి మీ పని తెలిసి ఉండాలి. తూకం చీటీ పంపే ఫంక్షన్ అక్కడ ఉంటుంది. చీటీ పోతే రైతుకు డబ్బులు ఆగుతాయి కాబట్టి అది డ్యూరబుల్ ట్రూ అని స్పష్టంగా పెడుతుంది, టీటీఎల్ జోలికి పోదు. కాటా మీద బరువు ఎంత చూపిస్తోందో తెర మీద చూపించడానికి సెకనుకోసారి పంపే మెసేజ్‌లు ఉంటే వాటికి వేరే ఫంక్షన్ రాయి. అందులో డ్యూరబుల్ ఫాల్స్, టీటీఎల్ ఐదు వేల మిల్లీసెకన్లు అని పెట్టుకోవచ్చు. పాత రీడింగ్ ఎవరికీ అక్కర్లేదు. ఈ నిర్ణయాలు మీరు తీసుకున్నవి, కోడ్‌లో ఒకచోట కనపడతాయి, రేపు మిల్లు యజమాని అడిగితే వేలు పెట్టి చూపించవచ్చు. కింది పొరలో దాగిన ఫాల్స్‌ను అలా ఎవరూ చూపించలేరు.

ఒక్క మాట, డ్యూరబుల్ ట్రూ పెట్టినంత మాత్రాన చీటీ భద్రం అనుకోవద్దు. క్యూ కూడా డ్యూరబుల్ అయి ఉండాలి. పంపినవైపు బ్రోకర్ నుంచి యాక్సెప్టెడ్ అనే జవాబు వచ్చేదాకా చీటీని కాటా కంప్యూటర్‌లోనే ఉంచుకోవాలి. కరెంటు పోయేది ఆ మధ్య క్షణంలోనే. వీలైతే చీటీల క్యూను కోరం రకానికి (మెసేజ్ నకళ్ళను పలు సర్వర్లలో ఉంచగల రకం) మార్చు. అక్కడ మెసేజ్ ఏ మోడ్‌లో వచ్చినా డిస్క్ మీదికి వెళ్తుంది కాబట్టి డ్యూరబుల్ గొడవే ఉండదు. టీటీఎల్ గొడవ మాత్రం అక్కడా ఉంటుంది.

మీ ఆఫీసులో జావా రాసే అతనికి ఒక సంగతి చెప్పు. జేఎంఎస్‌లో డెలివరీ మోడ్ డిఫాల్ట్ పర్సిస్టెంట్ (డిస్క్ మీద దాచాలి). అంటే క్యూపిడ్ జేఎంఎస్ లాంటి క్లయింట్ లైబ్రరీతో అతను ఏమీ పెట్టకుండా పంపినా డ్యూరబుల్ ట్రూగా వెళ్తుంది. అదే బ్రోకర్‌కు నోడ్ నుంచో పైథాన్ నుంచో ఏమీ పెట్టకుండా పంపితే అలా వెళ్ళకపోవచ్చు. "నా దగ్గర పనిచేస్తోంది, నీ దగ్గరే ఏదో ఉంది" అనే వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. పాత ఏఎంక్యూపీ 0-9-1లోనూ ఇదే కథ. స్ప్రింగ్ ఏఎంక్యూపీ అనే జావా లైబ్రరీ తనంతట తాను పర్సిస్టెంట్ పెడుతుంది, పైథాన్ లైబ్రరీ పికాలో ప్రాపర్టీలన్నీ ఖాళీగా మొదలవుతాయి. ఇద్దరిదీ తప్పు కాదు. ఒక లైబ్రరీ మీ తరఫున నిర్ణయం తీసుకుంది, ఇంకొకటి తీసుకోలేదు. మీ టీమ్‌లో ఎవరు ఏ భాషలో పంపినా విలువను పై పొరలో స్పష్టంగా పెడితే ఈ తేడా పోతుంది. జేఎంఎస్‌లో ఇంకో చిక్కు ఉంది: మెసేజ్ మీదే ప్రయారిటీ సెట్ చేస్తే పంపేటప్పుడు దాన్ని పట్టించుకోరు, ప్రొడ్యూసర్ (మెసేజ్ పంపే ఆబ్జెక్ట్) మీద ఉన్న విలువే వెళ్తుంది. సెట్ చేశాం కదా, ఎందుకు పని చేయట్లేదని చాలామంది అక్కడ ఆగిపోతారు.

ప్రయారిటీ 4 నింపడం వల్ల ఏం నష్టం అంటావా? స్పెసిఫికేషన్ ప్రకారం లేకపోయినా 4, ఉన్నా 4. కానీ రాబిట్‌ఎంక్యూ క్లాసిక్ ప్రయారిటీ క్యూలో ప్రయారిటీ లేని మెసేజ్‌ను 0గా చూస్తారు. నువ్వు నింపిన 4తో నీ మెసేజ్‌లు, ఏమీ పెట్టకుండా పంపిన పక్కవాళ్ళ మెసేజ్‌లను దాటుకుని ముందుకు పోతాయి. కోరం క్యూల్లో రాబిట్‌ఎంక్యూ 4.0 వెర్షన్‌తో వచ్చిన పద్ధతిలో రెండే మెట్లు: 0 నుంచి 4 దాకా మామూలు, ఆపైన ఎక్కువ. లేనివి మామూలు కిందికి వస్తాయి కాబట్టి అక్కడ తేడా పడదు. ఒక రకం క్యూలో తేడా పడటం, ఇంకో రకంలో పడకపోవడం కంటే లైబ్రరీ నోరు మూసుకుని ఉండటం మేలు.

ఇప్పుడు తీసుకునేవైపు. ఇక్కడ చాలా లైబ్రరీలు ప్రయారిటీ అడిగితే నేరుగా 4 ఇస్తాయి, అది వచ్చిందా, అనుకున్నదా చెప్పవు. నీ లైబ్రరీలో రెండు దారులు పెట్టు. ఒకటి వచ్చింది వచ్చినట్టు ఇవ్వాలి, రాకపోతే ఖాళీ అని చెప్పాలి. ఇంకొకటి వర్తించే విలువ ఇవ్వాలి, అంటే రాకపోతే డిఫాల్ట్. మామూలుగా వాడేవాళ్ళకు రెండోది చాలు. మెసేజ్‌ను ఇంకోచోటికి పంపేవాళ్ళకు, లోపం వెతికేవాళ్ళకు మొదటిది కావాలి. హెడర్ సెక్షన్ మొత్తం రానప్పుడు రెండో దారి కూలిపోకుండా డిఫాల్ట్ ఇవ్వాలి, ఇది మరిచిపోవద్దు. హెడర్ ఆబ్జెక్టే లేనప్పుడు దాని ఫీల్డును అడిగి ప్రోగ్రామ్ ఆగిపోవడం చాలా లైబ్రరీల్లో కనిపించే లోపం.

నోడ్‌లో డిఫాల్ట్ ఇచ్చేటప్పుడు || గుర్తు వాడొద్దు. దాని కళ్ళకు 0, ఫాల్స్, ఖాళీ స్ట్రింగ్ అన్నీ "లేనట్టే". ఎవరైనా కావాలని ప్రయారిటీ 0 పెడితే దాన్ని 4 చేసేస్తుంది. ?? గుర్తు వాడు, అది నల్, అన్‌డిఫైన్డ్ అయితేనే డిఫాల్ట్‌కు పోతుంది. పైథాన్‌లో ఆర్ అనే మాటకు కూడా ఇదే జబ్బు ఉంది, నన్ అవునా కాదా అని విడిగా చూసుకోవాలి. జావాలో మామూలు ఇంట్, బూలియన్ రకాలు ఖాళీని దాచలేవు కాబట్టి వాటి ఆబ్జెక్ట్ రకాలు పెట్టుకోవాలి.

డెలివరీ కౌంట్ దగ్గర జావా వైపుతో లెక్క తేడా వస్తుంది. ఏఎంక్యూపీ 1.0లో అది ఇంతకు ముందు విఫలమైన ప్రయత్నాల లెక్క, మొదటిసారి 0. జేఎంఎస్ 2.0లో డెలివరీ కౌంట్ మొదటిసారి 1. "మూడుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టు" అని మీరిద్దరూ రాసుకుంటే ఒకరిది ఒక ప్రయత్నం ఎక్కువ నడుస్తుంది. ఫస్ట్ అక్వైరర్ ఫాల్స్ అంటే కూడా "ఇంతకు ముందు ఎవరో తీసుకున్నారు" అని కాదు, "తీసుకుని ఉండవచ్చు" అని మాత్రమే. ట్రూ వస్తేనే గట్టి హామీ.

హైదరాబాద్ సర్వర్‌కు మెసేజ్‌లను తిరిగి పంపే ప్రోగ్రామ్ కూడా రాస్తానన్నావు. దాంట్లో ఈ జాగ్రత్త అంతా రెట్టింపు కావాలి. వర్తించే విలువలు చదివి కొత్త మెసేజ్‌లో పెడితే, అసలు పంపినవాళ్ళు ఇవ్వనివన్నీ ఇచ్చినట్టు మారిపోతాయి. ఇచ్చినవి మాత్రమే కాపీ చెయ్యి. డెలివరీ కౌంట్ కాపీ చేయకు, అది ఇక్కడి క్యూ చరిత్ర. టీటీఎల్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేస్తే మెసేజ్‌కు ప్రతి మజిలీలో కొత్త ఆయుష్షు వస్తుంది. మధ్యలో గడిచిన సమయం తీసేసి మిగిలిందే పంపాలని స్పెసిఫికేషన్ చెప్తుంది. ప్రాపర్టీలు, అప్లికేషన్ ప్రాపర్టీలు (వాడేవాళ్ళు సొంతంగా జోడించే వివరాలు), బాడీ (అసలు సమాచారం), వీటన్నిటినీ కలిపి బేర్ మెసేజ్ అంటారు. దాన్ని మధ్యలోవాళ్ళు మార్చకూడదు. హెడర్‌ను అవసరమైతే మార్చవచ్చు. కంటెంట్ టైప్ ఖాళీగా ఉందని నీ ప్రోగ్రామ్ అక్కడ ఏదో నింపితే, రేపు ఎవరైనా బేర్ మెసేజ్ మీద సంతకం సరిచూసినప్పుడు అది తప్పుతుంది.

ఇప్పటిదాకా ప్రోటోకాల్ ఇచ్చిన ఫీల్డుల గురించి మాట్లాడాం. నాకు వీటికంటే ఎక్కువ భయం నువ్వు చీటీకి సొంతంగా జోడించిన వాటి గురించే. నీ కోడ్ ముక్కలో తేమ అనే అప్లికేషన్ ప్రాపర్టీ ఉంది, డిఫాల్ట్ 0. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి తేమ 17 శాతం దాటకూడదు. తేమ మీటర్ కేబుల్ ఊడిపోయిన రోజు నీ లైబ్రరీ 0 అని పంపుతుంది. అవతల ప్రోగ్రామ్ 17 కంటే తక్కువే కదా అని పాస్ చేస్తుంది. తడి ధాన్యం లారీ ఏ ప్రశ్నా లేకుండా లోపలికి పోతుంది, తర్వాత ఆ తేడా రైతు మీదికో, ధాన్యం కొనే ఐకేపీ సెంటర్ మీదికో, మిల్లు మీదికో వస్తుంది. సున్నా శాతం తేమ ఉన్న ధాన్యం ఎక్కడా ఉండదు, కానీ ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియదు. ఖాళీ లారీ బరువు కూడా అంతే. రెండో తూకం ఇంకా కాకపోతే ఆ ఫీల్డు ఉండకూడదు. 0 ఉంటే మొత్తం లారీ బరువే ధాన్యం బరువుగా లెక్కకు వస్తుంది. అందుకే అప్లికేషన్ ప్రాపర్టీలకు లైబ్రరీలో డిఫాల్ట్ అనేదే పెట్టకు. లేకపోతే లేదని తెలియాలి, తీసుకునేవాళ్ళు ఆ చీటీని పక్కన పెట్టి మనిషిని అడగాలి.

మున్ముందు తేమ మీటర్లను ఎంక్యూటీటీ (చిన్న పరికరాలు వాడే ఇంకో మెసేజ్ ప్రోటోకాల్) మీదికి మార్చే ఆలోచన ఉందన్నావు కాబట్టి ఒక హెచ్చరిక. ఎంక్యూటీటీ 5లో మెసేజ్ గడువు ఇవ్వకపోతే ఎప్పటికీ తీరదు. సెషన్ గడువు ఇవ్వకపోతే 0, అంటే కనెక్షన్ తెగగానే సెషన్ పోతుంది. ఒకే ప్రోటోకాల్‌లో, ఇంచుమించు ఒకే పేరున్న రెండు ఫీల్డులు, ఇవ్వకపోతే వ్యతిరేక అర్థాలు. పైగా అక్కడ లెక్క సెకన్లలో, ఇక్కడ మిల్లీసెకన్లలో. అన్నిటికీ పనికొచ్చే ఒకే హెడర్ క్లాస్ రాసి డిఫాల్ట్‌లు పంచుకోవాలని చూడకు. ఒక్కో ప్రోటోకాల్‌కు దాని నియమం దాని దగ్గరే ఉండనీ.

టెస్టులు ఎక్కువ అక్కర్లేదు గానీ ఇవి తప్పనిసరి. హెడర్ అసలు లేని మెసేజ్, ఖాళీ హెడర్ ఉన్న మెసేజ్, డిఫాల్ట్ విలువనే స్పష్టంగా రాసిన మెసేజ్, వేరే విలువ రాసిన మెసేజ్. ఒక్కోదాన్ని చదివి, ముట్టుకోకుండా మళ్ళీ రాసి, ఏ ఫీల్డు ఉంది, ఏది లేదు అన్నది మారలేదని చూడు. మధ్యలో ఫీల్డు ఖాళీగా ఉండి తర్వాతది ఉన్న మెసేజ్ కూడా పెట్టు, ఉదాహరణకు ప్రయారిటీ లేకుండా టీటీఎల్ మాత్రమే. హెడర్ వరుసలో చివరి ఖాళీలను వదిలేయవచ్చు, మధ్య ఖాళీలకు నల్ రాయాలి. అక్కడ పొరపడితే టీటీఎల్ వెళ్ళి ప్రయారిటీ స్థానంలో కూర్చుంటుంది. డ్యూరబుల్ ట్రూ ఒక్కటే రాస్తే హెడర్ 7 బైట్లు, డ్యూరబుల్ ట్రూతో పాటు మిగతా డిఫాల్ట్‌లన్నీ నింపితే 12. ఈ ఐదు బైట్ల ఆదా కోసం ఇదంతా చెప్పడం లేదు, కానీ టెస్టులో సైజు చూస్తే ఎవరో మళ్ళీ నింపడం మొదలుపెట్టారని వెంటనే తెలిసిపోతుంది.

చివరిగా, పాత లైబ్రరీ ఇప్పటికే నాలుగైదు మిల్లుల్లో నడుస్తోంది, యాసంగి ధాన్యం వచ్చే రోజుల్లో కాటాలు ఆపి అప్‌డేట్ చేయలేనన్నావు. అర్థమైంది. బ్రోకర్ పాలసీలో (క్యూలకు బయటి నుంచి పెట్టే సెట్టింగ్) పెద్ద టీటీఎల్ పెడితే సరిపోతుందేమో అని చూడకు. క్యూ గడువు, మెసేజ్ గడువు రెండూ ఉంటే తక్కువదే చెల్లుతుంది, 0 కంటే తక్కువ ఏముంటుంది. దాని బదులు ఆ క్యూకు పాలసీ ద్వారా డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్ (గడువు తీరిన మెసేజ్‌లను వేరేచోటికి మళ్ళించేది) పెట్టి, దానికి ఇంకో డ్యూరబుల్ క్యూ కట్టు. పాలసీ కాబట్టి ఉన్న క్యూను తీసేసి మళ్ళీ చేయనక్కర్లేదు. గడువు తీరిన చీటీలు అక్కడికి చేరతాయి, కారణం ఎక్స్‌పైర్డ్ అని ఉంటుంది. అలా వెళ్ళేటప్పుడు పాత గడువును రాబిట్‌ఎంక్యూ తీసేస్తుంది కాబట్టి అవి అక్కడ నిలుస్తాయి. అయితే పాత లైబ్రరీ డ్యూరబుల్ ఫాల్స్ అని రాస్తోంది కదా, ఈ రెండో క్యూ క్లాసిక్ అయితే బ్రోకర్ రీస్టార్ట్‌లో అవి పోతాయి. అందుకే దాన్ని కోరం క్యూగా చెయ్యి. ఆఫీసు ప్రోగ్రామ్ పొద్దున్నే ముందు ఆ క్యూను ఖాళీ చేసి తర్వాత అసలు క్యూకు రావాలి. ఇది ఈ రోజే పెట్టగలవు. కాటాల్లో కొత్త లైబ్రరీ ఒక్కో మిల్లుకు ఖాళీ దొరికినప్పుడు వేసుకో. ఎక్స్‌పైర్డ్ చీటీలు ఏ మిల్లు నుంచి వస్తున్నాయో చూస్తే ఇంకా పాత వెర్షన్ ఎక్కడ మిగిలిందో తెలుస్తుంది.